ప్రభుత్వ కొనుగోళ్ల విభాగాధిపతి

ప్రభుత్వ కొనుగోళ్ల విభాగాధిపతి అనగా ఒక ప్రభుత్వ శాఖ, కార్పొరేషను లేదా స్థానిక సంస్థ తరఫున వస్తువులను, సేవలను, నిర్మాణ పనులను టెండర్ల ద్వారా సేకరించే బృందానికి నాయకత్వం వహించే అధికారి. ఈ పదవికి అన్ని చోట్లా ఒకే పేరు లేదు. రైల్వేలలో ప్రిన్సిపల్ చీఫ్ మెటీరియల్స్ మేనేజరు, ఇంజనీరింగు శాఖలలో చీఫ్ ఇంజనీరు లేదా సూపరింటెండింగ్ ఇంజనీరు, కార్పొరేషన్లలో మేనేజింగ్ డైరెక్టరు లేదా జనరల్ మేనేజరు ఈ బాధ్యత నిర్వహిస్తారు. పేరు ఏదైనా పని ఒకటే. ప్రజాధనానికి తగిన విలువ రాబట్టడం, పోటీకి వచ్చిన వారందరినీ సమానంగా చూడడం, కావలసిన వస్తువు కావలసిన సమయానికి అందేలా చూడడం ఇందులోని మూడు ముఖ్య ధ్యేయాలు. ఈ మూడూ అన్ని వేళలా ఒకదానితో ఒకటి పొసగవు. వాటి మధ్య సమతూకం సాధించడమే ఈ పదవిలోని అసలు కష్టం. ఈ వ్యాసం ముఖ్యంగా భారతదేశంలోని విధానాన్ని వివరిస్తుంది.

చరిత్ర

బ్రిటిషు పాలనలో భారత ప్రభుత్వానికి కావలసిన సామగ్రిలో చాలా భాగం లండను నుండి కొనుగోలయ్యేది. దేశంలోనే కొనుగోళ్లు జరిపేందుకు 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్టుమెంటు ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ జనరల్ (డీజీఎస్ అండ్ డీ) దీర్ఘకాలం కేంద్ర ప్రభుత్వపు ప్రధాన కొనుగోలు సంస్థగా పనిచేసింది. అనేక శాఖలకు ఒకేసారి వర్తించే "రేటు కాంట్రాక్టు"లను ఈ సంస్థ కుదిర్చేది. 2016 ఆగస్టు 9న గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ (జెమ్) అనే అంతర్జాల విపణి ప్రారంభమైనది. 2017 అక్టోబరు 31న డీజీఎస్ అండ్ డీని మూసివేశారు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో జెమ్ ద్వారా జరిగిన కొనుగోళ్ల విలువ 4 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

కేంద్ర స్థాయిలో కొనుగోళ్లకు ప్రత్యేక చట్టం తెచ్చే ఉద్దేశంతో 2012లో ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది ఆమోదం పొందకుండానే 2014లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది. కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత చట్టాలు చేసుకున్నాయి. తమిళనాడు (1998), కర్ణాటక (1999), రాజస్థాన్ (2012) ఇందుకు ఉదాహరణలు.

రాజ్యాంగపరమైన ఆధారం

భారత రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ప్రభుత్వం చేసుకునే ఒప్పందాలన్నీ రాష్ట్రపతి లేదా గవర్నరు పేరిట ఉండాలి. అందుకు అధికారం పొందిన వ్యక్తి మాత్రమే, నిర్దేశించిన రీతిలో, వాటిపై సంతకం చేయాలి. అలా సంతకం చేసిన అధికారికి ఆ ఒప్పందం విషయంలో వ్యక్తిగత బాధ్యత ఉండదని కూడా అదే అధికరణం చెబుతుంది.

ఇది కేవలం లాంఛనం కాదని భిఖ్‌రాజ్ జైపూరియా కేసు (1961) తెలుపుతుంది. ఈస్ట్ ఇండియన్ రైల్వేకు చెందిన ఒక డివిజనల్ సూపరింటెండెంటు ఆహారధాన్యాల కొనుగోలుకు తన సంతకంతో ఆర్డర్లు ఇచ్చారు. అవి గవర్నరు జనరల్ పేరిట లేవు. కొంత సరుకు అందిన తరువాత వివాదం వచ్చి, చివరకు సుప్రీంకోర్టు ఆ ఒప్పందాలు చెల్లవని తీర్పు ఇచ్చింది. అయితే ప్రభుత్వం నిజంగా లబ్ధి పొందిన సందర్భాలలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కింద సరఫరాదారు పరిహారం కోరవచ్చునని బి.కె. మండల్ కేసులో అదే న్యాయస్థానం తెలిపింది. కావున సంతకం చేసే అధికారం ఎవరికి, ఎంత మొత్తం వరకు ఉన్నదో బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండడం విభాగాధిపతి చూసుకోవలసిన మొదటి విషయం.

నియమావళి

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు మూలాధారం సాధారణ ఆర్థిక నియమాలు. ఇవి 1947లో మొదట వెలువడి, 1963, 2005, 2017లలో సవరణ పొందాయి. తన సొంత సొమ్ము ఖర్చు చేయడంలో సామాన్య వివేకం గల వ్యక్తి ఎంత జాగ్రత్త చూపుతాడో, ప్రజల సొమ్ము విషయంలో ప్రతి అధికారి అంత జాగ్రత్త చూపాలన్నది వీటిలోని ప్రసిద్ధ సూత్రం.

2017 నియమాలు వెలువడినప్పుడు కొనుగోలు విలువను బట్టి ఈ క్రింది పద్ధతులు ఉండేవి. పరిమితులను ఆ తరువాత సవరిస్తూ వచ్చారు.

- 25 వేల రూపాయల వరకు: కొటేషన్లు లేకుండా, అధికారి ధ్రువీకరణతో నేరుగా కొనుగోలు.
- 25 వేల నుండి 2.5 లక్షల వరకు: ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీ మార్కెట్టులో ధరలు విచారించి సిఫారసు చేయడం.
- 25 లక్షల వరకు: పేరు నమోదైన సరఫరాదారులకు మాత్రమే పంపే పరిమిత టెండరు.
- 25 లక్షలు, ఆ పైన: బహిరంగ ప్రకటనతో కూడిన టెండరు. బిడ్ల దాఖలుకు సాధారణంగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి.

ఒకే సరఫరాదారు నుండి నేరుగా కొనే పద్ధతి కూడా ఉన్నది. దీనిని పనుల విషయంలో "నామినేషన్ పద్ధతి" అని వ్యవహరిస్తారు. అత్యవసర పరిస్థితి, వస్తువును ఒక్కరే తయారు చేయడం వంటి కారణాలను దస్త్రంలో రాసిన తరువాతే దీనిని వాడాలి. పరిమితి దాటకుండా ఉండేందుకు ఒక పెద్ద కొనుగోలును చిన్న ముక్కలుగా విడగొట్టడం నిషిద్ధం.

వీటితో పాటు సామాజిక, పారిశ్రామిక లక్ష్యాలు గల ఉత్తర్వులు కూడా ఉన్నాయి. సూక్ష్మ, చిన్న సంస్థల నుండి కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కొనవలసిన కనీస వాటాను 2012 ఉత్తర్వు 20 శాతంగా నిర్ణయించింది. 2018లో దీనిని 25 శాతానికి పెంచారు. 2017 జూన్ నాటి ఉత్తర్వు దేశీయ తయారీకి ప్రాధాన్యం కల్పించింది. 2020లో చేసిన మార్పు ప్రకారం 200 కోట్ల రూపాయల వరకు విలువ గల కొనుగోళ్లకు సాధారణంగా అంతర్జాతీయ టెండర్లు పిలువరాదు.

బృందం కూర్పు

కొనుగోలు అనేది ఒక్కరి నిర్ణయం కాకుండా ఉండేలా బాధ్యతలను విడదీయడం ఈ వ్యవస్థలోని ప్రధాన రక్షణ. వస్తువు కావాలని ఇండెంటు పెట్టేవారు, టెండరు నడిపేవారు, సరుకును తనిఖీ చేసి స్వీకరించేవారు, బిల్లు చెల్లించేవారు వేర్వేరు వ్యక్తులై ఉండాలి. సాధారణంగా బృందంలో ఈ క్రిందివారు ఉంటారు.

- ఇండెంటు శాఖ ప్రతినిధి: అవసరాన్ని, పరిమాణాన్ని నిర్ధారిస్తారు.
- సాంకేతిక నిపుణులు: నాణ్యతా ప్రమాణాలను, కొలతలను రాస్తారు.
- ఆర్థిక సలహాదారు లేదా గణాంక అధికారి: బడ్జెటు ఉన్నదా, ధర సమంజసమా అన్నది పరిశీలిస్తారు.
- టెండరు కమిటీ: బిడ్లను మూల్యాంకనం చేసి సిఫారసు చేస్తుంది.
- కొనుగోలు విభాగ సిబ్బంది: టెండరు పత్రాలు, ప్రకటనలు, పోర్టల్ పనులు, ఒప్పంద దస్త్రాలు చూస్తారు.
- స్టోర్సు, తనిఖీ అధికారులు: సరుకును పరీక్షించి స్టాకు రిజిస్టరులో నమోదు చేస్తారు.

టెండరు కమిటీ సభ్యులు తమకు గాని, తమ బంధువులకు గాని పోటీదారులతో ఏ సంబంధమూ లేదని రాతపూర్వకంగా తెలపాలి. సంబంధం ఉన్నవారు తప్పుకోవాలి. కమిటీలో భిన్నాభిప్రాయం ఉంటే దానిని చెరిపివేయక, కారణాలతో సహా నమోదు చేయడం మంచి సంప్రదాయం. విభాగాధిపతి అభిప్రాయం ముందే తెలిసిపోతే కింది అధికారులు దానికి అనుగుణంగా రాసే ప్రమాదం ఉన్నది. అందుచేత అనుభవజ్ఞులైన అధికారులు కమిటీ సిఫారసు వచ్చే వరకు తమ అభిప్రాయం వెల్లడించరు.

కొనుగోలులోని దశలు

అవసరం, అంచనా: కొనుగోళ్లలో కనిపించే లోపాలలో అనేకం టెండరు పిలవకముందే పుడతాయి. ఎంత సరుకు కావాలో గత వాడకం ఆధారంగా లెక్కించకపోతే ఒకచోట నిల్వలు పాడవుతాయి, మరొకచోట కొరత వస్తుంది. అంచనా ధర వాస్తవానికి దూరంగా ఉంటే తరువాత వచ్చిన ధర ఎక్కువో తక్కువో చెప్పడానికి కొలబద్ద ఉండదు.

ప్రమాణాల రచన: ఒకే కంపెనీకి సరిపోయేలా ప్రమాణాలు రాస్తే పోటీ పేరుకు మాత్రమే మిగులుతుంది. మరీ వదులుగా రాస్తే నాసిరకం సరుకు అర్హత పొందుతుంది. బిడ్లకు ముందు జరిపే సమావేశంలో పోటీదారులు లేవనెత్తే సందేహాలకు ఇచ్చిన జవాబులను అందరికీ ఒకేసారి తెలపాలి. ఒక్కరికే చెప్పిన జవాబు తరువాత వివాదానికి దారితీస్తుంది.

టెండరు: సాంకేతిక, ధరల బిడ్లను వేర్వేరుగా స్వీకరించే రెండు కవర్ల పద్ధతి విరివిగా వాడుకలో ఉన్నది. సాంకేతిక పరీక్షలో నెగ్గినవారి ధరలను మాత్రమే తెరుస్తారు. ధరావతు సొమ్ము సాధారణంగా అంచనా విలువలో 2 నుండి 5 శాతం ఉంటుంది. ఒప్పందం కుదిరిన తరువాత సరఫరాదారు పనితీరు హామీ సమర్పించాలి. 2017 నియమాలలో ఇది 5 నుండి 10 శాతంగా ఉండగా, కోవిడ్ కాలపు ఇబ్బందుల దృష్ట్యా 2020 నవంబరులో 3 శాతానికి తగ్గించారు.

మూల్యాంకనం: అర్హులలో అతి తక్కువ ధర చూపినవారిని "ఎల్1" అంటారు. టెండరు పత్రంలో ముందుగా ప్రకటించని ఏ ప్రమాణాన్నీ మూల్యాంకనంలో ప్రవేశపెట్టరాదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007 మార్చిలో ఇచ్చిన సూచనల ప్రకారం టెండరు తరువాత బేరసారాలు సాధారణంగా జరపరాదు. అసాధారణ పరిస్థితులలో జరిపినా ఎల్1తో మాత్రమే జరపాలి.

ఒప్పంద నిర్వహణ: సంతకంతో పని ముగియదు. సరఫరా ఆలస్యమైతే వారానికి 0.5 శాతం, గరిష్ఠంగా 10 శాతం చొప్పున నష్టపరిహారం మినహాయించే నిబంధన సాధారణం. ప్రభుత్వం వైపు నుండి కూడా బాధ్యత ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారుకు చెల్లింపు గడువు 45 రోజులు దాటరాదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ చెల్లించాలి. బిల్లులు సకాలంలో చెల్లించని శాఖ టెండర్లకు మంచి సరఫరాదారులు ముందుకు రారు, వచ్చినవారు ఆలస్యాన్ని కూడా ధరలో కలిపి చూపుతారు.

తక్కువ ధర, నాణ్యత

ఎల్1 పద్ధతికి గల గొప్ప గుణం సరళత. అధికారి ఇష్టాయిష్టాలకు అందులో చోటు తక్కువ. నాణ్యతను కొలవడం కష్టమైన సేవల విషయంలో మాత్రం ఇది సరిపోదు. అందుకోసం నాణ్యతకు, ధరకు కలిపి మార్కులు వేసే పద్ధతి ఉన్నది.

ఉదాహరణకు ఒక సలహా సేవకు నాణ్యతకు 70, ధరకు 30 శాతం ప్రాధాన్యం ఇచ్చారనుకొందాం. మొదటి సంస్థకు సాంకేతికంగా 90 మార్కులు, ధర 50 లక్షలు. రెండవ సంస్థకు 75 మార్కులు, ధర 40 లక్షలు. తక్కువ ధరకు 100 మార్కులు ఇస్తే, 50 లక్షల ధరకు 80 మార్కులు వస్తాయి. మొదటి సంస్థ మొత్తం 63 + 24 = 87. రెండవ సంస్థ మొత్తం 52.5 + 30 = 82.5. ధర 10 లక్షలు ఎక్కువైనా మొదటి సంస్థకే పని దక్కుతుంది. ఈ పద్ధతిలో సాంకేతిక మార్కులు వేసేవారి నిజాయితీ మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. కావున ఏ అంశానికి ఎన్ని మార్కులో టెండరులోనే విడమరచి చెప్పాలి. 2021 అక్టోబరులో ఆర్థిక మంత్రిత్వ శాఖ ఇచ్చిన సూచనలు ఈ పద్ధతిని కొన్ని పనులకు, సలహాయేతర సేవలకు కూడా అనుమతించాయి. వాటిలో నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం ప్రాధాన్యం ఇవ్వవచ్చును.

మరీ తక్కువ ధర కూడా ప్రమాదమే. గుత్తేదారు పని మధ్యలో వదిలివేయవచ్చు లేదా నాణ్యత తగ్గించవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వచ్చిన టెండరు సంస్కరణల ప్రకారం, అంచనాకు 25 శాతానికి మించి తక్కువ కోట్ చేసినవారు ఆ వ్యత్యాసానికి అదనపు హామీ ఇవ్వవలసి వచ్చింది.

కుమ్మక్కు, నిఘా

పోటీదారులు ముందే మాట్లాడుకొని ధరలు వేయడాన్ని వాడుకలో సిండికేటు లేదా రింగు కావడం అంటారు. 2002 నాటి పోటీ చట్టం 3వ సెక్షను దీనిని నిషేధిస్తుంది. వేర్వేరు బిడ్లలో ఒకే అక్షర దోషాలు ఉండడం, ధరావతు ఒకే బ్యాంకు ఖాతా నుండి రావడం, ఓడినవారే తరువాత ఉపగుత్తేదారులుగా కనిపించడం, అవే సంస్థలు వంతులవారీగా గెలవడం వంటివి గమనించవలసిన సూచనలు. ఇవి అనుమానానికి ఆధారాలే గాని రుజువులు కావు.

సంతానం కమిటీ సిఫారసుతో 1964లో ఏర్పడి, 2003లో చట్టబద్ధత పొందిన కేంద్ర విజిలెన్స్ కమిషన్ కొనుగోళ్లపై నిఘా ఉంచుతుంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఖర్చును తనిఖీ చేస్తుంది. పెద్ద కొనుగోళ్లలో ఇరుపక్షాలు లంచం ఇవ్వబోమని, తీసుకోబోమని నిజాయితీ ఒడంబడిక చేసుకుంటాయి. దాని అమలును స్వతంత్ర పరిశీలకులు చూస్తారు.

న్యాయస్థానాల తీర్పులు

రమణ దయారామ్ శెట్టి కేసు (1979): బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు నడిపేందుకు పిలిచిన టెండరులో ఐదేళ్ల అనుభవం గల, నమోదైన రెండవ తరగతి హోటలుదారు కావాలన్నారు. ఆ అర్హత లేని వారి టెండరును ఆమోదించారు. తాను పెట్టిన అర్హతకు ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడి ఉండాలని సుప్రీంకోర్టు తేల్చింది. అర్హత అక్కరలేదని తెలిస్తే మరికొందరు కూడా పోటీకి వచ్చేవారన్నది ఇందులోని తర్కం. అయితే అర్జీదారు ఆలస్యంగా వచ్చినందున ఒప్పందాన్ని రద్దు చేయలేదు.

ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసు (1974): ఎవరినైనా బ్లాక్‌లిస్టులో పెట్టేముందు వారి వాదన వినాలి.

టాటా సెల్యులార్ కేసు (1994): న్యాయస్థానం నిర్ణయం తీసుకున్న విధానాన్ని పరిశీలిస్తుంది గాని, అధికారి స్థానంలో తాను కూర్చుని నిర్ణయం తీసుకోదు. 2006 నాటి జగదీశ్ మండల్ కేసులో ఈ సూత్రాన్ని మరింత వివరించారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

కాగితపు టెండర్ల కాలంలో టెండరు పెట్టె వద్దకు పోటీదారులను రానీయకుండా అడ్డుకోవడం పెద్ద సమస్యగా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంటు విధానం ప్రారంభించింది. దేశంలో ఈ మార్గం పట్టిన తొలి రాష్ట్రాలలో ఇది ఒకటి. బిడ్ ఎక్కడి నుండైనా వేయగలగడం, గడువు ముగిసే వరకు ఎవరు వేశారో తెలియకపోవడం దీని ముఖ్య ప్రయోజనాలు. 2014లో రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలూ వేర్వేరు పోర్టళ్లు నడుపుతున్నాయి.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రివర్స్ టెండరింగు ప్రవేశపెట్టింది. ఇందులో అతి తక్కువ ధరను వెల్లడించి, అంతకంటె తగ్గించేందుకు మరొకమారు పోటీ పెడతారు. పోలవరం ప్రాజెక్టు పనులకు దీనిని వాడారు. ప్రజాధనం ఆదా అవుతుందని సమర్థకులు, పనులు ఆలస్యమవుతాయని విమర్శకులు వాదించారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఈ విధానాన్ని రద్దు చేశారు.

మందుల కొనుగోలుకు రెండు రాష్ట్రాలలోనూ ప్రత్యేక కార్పొరేషన్లు ఉన్నాయి. ఈ రంగంలో 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల కార్పొరేషను నమూనాగా నిలిచింది. రాష్ట్రమంతటికీ ఒకే టెండరు, ప్రతి బ్యాచి మందును ప్రయోగశాలలో పరీక్షించిన తరువాతే విడుదల, ప్రతి ఆసుపత్రికి ఎంత విలువ గల మందులు తీసుకోవచ్చో తెలిపే పాసు పుస్తకం దాని ముఖ్య లక్షణాలు.

నిర్ణయ భయం

ఈ పదవిపై వచ్చే విమర్శ ఎక్కువగా అవినీతి గురించే. దానికి సమానమైన మరొక సమస్య నిర్ణయం తీసుకోకపోవడం. తప్పుడు కొనుగోలుకు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. కొనకుండా ఆపిన దస్త్రానికి తరచుగా ఏ అభ్యంతరమూ రాదు. ఆ మధ్యకాలంలో మందు అందని రోగి, పరికరం లేక ఆగిన శస్త్రచికిత్స ఏ ఆడిట్ పేరాలోనూ సులభంగా కనిపించవు.

1988 నాటి అవినీతి నిరోధక చట్టంలోని ఒక నిబంధన ప్రకారం, అధికారి ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం చేకూర్చితే, తాను లంచం తీసుకోకపోయినా నేరమయ్యే అవకాశం ఉండేది. 2018 సవరణ దానిని తొలగించింది. అధికారిక నిర్ణయాలపై దర్యాప్తుకు ముందుగా అనుమతి తీసుకోవాలనే 17ఎ సెక్షనును కూడా అదే సవరణ చేర్చింది. ఇది నిజాయితీపరులకు ధైర్యమిస్తుందని కొందరు, అక్రమార్కులకు రక్షణ అవుతుందని మరికొందరు అభిప్రాయపడ్డారు.

చట్టం ఇచ్చే రక్షణ కంటె దస్త్రం ఇచ్చే రక్షణ గట్టిది. నిర్ణయం తీసుకున్న నాడు ఏ సమాచారం అందుబాటులో ఉన్నది, ఏ మార్గాలు పరిశీలించారు, ఎందుకు ఒకదానిని ఎంచుకున్నారు అన్నవి ఆనాడే రాసి ఉంచితే, సంవత్సరాల తరువాత వచ్చే తనిఖీ అధికారికి ఆ దస్త్రమే జవాబు చెబుతుంది. ఆనాటికి ఆ అధికారి బదిలీపై వెళ్లి ఉండవచ్చు, పదవీ విరమణ చేసి ఉండవచ్చు. కింది స్థాయి గుమాస్తా కూడా నోటు మీద నిర్భయంగా తన సందేహం రాయగలిగిన కార్యాలయంలో తప్పులు టెండరు తెరవకముందే బయటపడతాయి. అటువంటి వాతావరణం కల్పించడం ఏ నియమావళిలోనూ సంఖ్య వేసి చెప్పని, అయినా విభాగాధిపతి మీదే ఉన్న బాధ్యత.